కడపలో డానియోలు కొనబోయే ముందు: ఒక అక్వేరియం షాపు సమీక్ష

కడపలో ఏ అక్వేరియం షాపుకు పోయినా ముందు వరసలో గోల్డ్ ఫిష్, పక్కన గాజు గ్లాసుల్లో ఫైటర్లు, కింది అరలో ఏ మూలనో నాలుగు జీబ్రా డానియోలు, అంటే వేలెడు కూడా లేని చారల చేపలు. ఈ షాపులో మాత్రం ఎడమ గోడ పొడవునా ఒక వరస మొత్తం డానియోలకే ఇచ్చారు. ఈ సమీక్ష రాయడానికి అదే కారణం. షాపు పేరు చెప్పడం లేదు. మెచ్చుకోవాల్సినవి ఎన్ని ఉన్నాయో తప్పు పట్టాల్సినవీ అన్ని ఉన్నాయి. పైగా ఇక్కడ రాసిన వాటిలో చాలావరకు కర్నూలులోనో అనంతపురంలోనో కొనేవాళ్ళకూ వర్తిస్తాయి, ఎందుకంటే మూడు ఊళ్ళకూ సరుకు ఎక్కువగా మద్రాసు కొళత్తూరు మార్కెట్ నుంచో బెంగళూరు నుంచో వచ్చేదే.

ఇంతకీ డానియోలే ఎందుకంటే, రాయలసీమ బోరు నీళ్ళకు తట్టుకునే చిన్న చేపల్లో వీటికి సాటి వచ్చేవి తక్కువ. షాపతను "నియాన్ టెట్రాలు తీసుకోన్నా, లైటు వేస్తే మెరిసిపోతాయి" అంటాడు. మెరుస్తాయి, కాదనం. కానీ నియాన్ అమెజాన్ పక్క మెత్తటి, పులుపు వైపు ఉండే నీళ్ళ చేప. మన బోరు నీళ్ళలో టీడీఎస్, అంటే కరిగిన లవణాల లెక్క, చాలా వీధుల్లో 600 దాటుతుంది, పులుపు ఎంతో చెప్పే పీహెచ్ 8 దగ్గర ఉంటుంది (7 కంటే తక్కువైతే పులుపు). అందులో నియాన్ చాలాసార్లు నెలో రెండు నెలలో చచ్చిపోతుంది. జీబ్రా డానియో గంగా, బ్రహ్మపుత్రల పరీవాహకంలోని వాగుల్లో, వరి మడుల్లో, గుంటల్లో బతికే చేప. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద వేసిన పుస్తకంలో మొదటిసారి దీన్ని వర్ణించాడు. ఎండాకాలం గుంట వేడెక్కినా, వానాకాలం కొత్త నీరు కలిసినా సర్దుకుపోయే స్వభావం దానికి అక్కడే అబ్బింది. పీహెచ్ 6.5 నుంచి 8 దాకా, వేడి 18 నుంచి 28 డిగ్రీల దాకా ఇబ్బంది లేకుండా ఉంటుంది. ప్రపంచమంతా ల్యాబుల్లో దీన్నే పెంచుతున్నారంటే ఈ మొండితనం కూడా ఒక కారణం. అమెరికా శాస్త్రవేత్త జార్జ్ స్ట్రైసింగర్ 1981లో దీనితో క్లోనింగ్ చేసి చూపించాక పరిశోధనంతా ఇటు తిరిగింది. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ ఈ చేప మీద పనిచేస్తున్నారు.

ఇక సరుకు సంగతి. జీబ్రా ఒక్కొక్కటి పాతిక రూపాయలు, పది తీసుకుంటే రెండు వందలు. లెపర్డ్ డానియో కూడా అదే రేటు, అలాగే ఉండాలి కూడా. చారలకు బదులు చుక్కలున్నంత మాత్రాన అది వేరే జాతి కాదు, జీబ్రాలోనే వచ్చిన ఒక మార్పు. రెండింటినీ ఒకే తొట్టిలో వేస్తే కలిసే తిరుగుతాయి, కలిసే గుడ్లు పెడతాయి. పొడుగు రెక్కల రకం నలభై. చూడ్డానికి బాగుంటుంది గానీ, మిగతా వాటితో కలిపితే రెక్కల అంచులు చిరుగుతాయి, ఈతలో వెనకబడి తిండి అందదు. విడిగా ఆరింటిని పెట్టుకోగలిగితేనే తీసుకోండి. పెర్ల్ డానియో నలభై ఐదు. లేత నీలం మీద నారింజ గీత, ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఈ వరసలో అన్నిటికంటే తక్కువ మంది అడిగేదీ, అన్నిటికంటే విలువైనదీ ఇదే. షాపు లైటు కింద వెలిసిపోయినట్టు కనపడుతుంది కాబట్టి ఎవరూ ఆగి చూడరు. ఇంట్లో నల్ల ఇసుక వేసి, పక్క నుంచి పొద్దుటి వెలుతురు పడేలా పెడితే అప్పుడు తెలుస్తుంది.

పైవరస చివర్లో గెలాక్సీ రాస్బోరా అని చీటీ అంటించిన చిన్న తొట్టి ఉంది. ఇవి రాస్బోరాలు కావు, డానియోలే. బర్మాలో ఇన్లే సరస్సుకు దగ్గర్లో 2006లో బయటపడ్డాయి, మరుసటి ఏడు వేరే ప్రజాతి పేరుతో వర్ణించారు, 2008లో డానియోల్లో కలిపారు. ఒంటి మీద ముత్యాలు చల్లినట్టు చుక్కలు, రెక్కల మీద ఎర్ర గీతలు, నిండా పెరిగినా రెండు సెంటీమీటర్లే. రేటు నూట యాభై. మన నీటి గట్టిదనం వీటికి సమస్య కాదు, అవి పుట్టింది సున్నపురాయి నేలలోనే. సమస్యల్లా వేడి. 26 డిగ్రీలు దాటితే డీలా పడే చేప ఇది. కడపలో మార్చి నుంచి జూన్ దాకా ఏసీ లేని గదిలో వీటిని పెట్టుకోవడం అంటే డబ్బులు నీళ్ళలో పోసినట్టే. షాపతను ఈ ముక్క చెప్పడు. అడిగితే "ఫ్యాన్ గాలి చాలన్నా" అంటాడు. చాలదు.

అసలు తప్పు ఇంకోచోట ఉంది. జీబ్రాల పక్క తొట్టిలో జెయింట్ డానియో పిల్లలను మూడు సెంటీమీటర్ల సైజులో, అదే పాతికకు అమ్ముతున్నారు. పేరులో డానియో ఉన్నా ఇవి ఇప్పుడు డెవారియో అనే వేరే ప్రజాతి కింద లెక్క. పది సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి, నాలుగడుగుల తొట్టి కావాలి, గెలాక్సీ లాంటి చిన్నవాటిని బెదరగొట్టి మూలకు తోస్తాయి. రెండడుగుల తొట్టి కొన్న మనిషికి వీటిని ఆరు కట్టి ఇవ్వడం అన్యాయం. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. జీబ్రాకు ముదురు నీలి చారలు ఒంటి మీదే కాక కడుపు వెనక ఉండే రెక్క మీదా, తోక మీదా ఉంటాయి. జెయింటుకు ఆ రెక్క ఖాళీగా ఉంటుంది, ఒళ్ళు వెడల్పు, నీలం మధ్యలో పసుపు గీతలు మొప్పల దగ్గర తెగి చుక్కలుగా కనపడతాయి.

గులాబీ, పచ్చ, నారింజ రంగుల గ్లో డానియోలు కూడా ఉన్నాయి, ఒక్కొక్కటి అరవై. అసలు గ్లో చేపను సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో 1999 ప్రాంతంలో జీబ్రాకు జెల్లీఫిష్ జన్యువు చేర్చి తయారుచేశారు, 2003 చివర్లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. మన దేశంలో జన్యుమార్పిడి జీవులను పెంచాలన్నా అమ్మాలన్నా 1989 నిబంధనల ప్రకారం కేంద్రం కమిటీ అనుమతి ఉండాలి. షాపుల్లో దొరికేవాటికి అలాంటి కాగితం ఎవరూ చూపించరు. కొన్నిచోట్ల మామూలు చేపకే రంగు ఎక్కించి అమ్ముతారు. ఆ రంగు వారాల్లోనే వెలిసిపోతుంది, సూది పోట్లకు చేప రోగాన పడుతుంది. రెండూ వద్దు. జీబ్రా అందంగానే ఉంటుంది.

కొనేటప్పుడు చేపను కాదు, ముందు తొట్టిని చూడాలి. అడుగున ఒక్క చచ్చిన చేప ఉన్నా ఆ తొట్టిలోంచి ఏదీ తీసుకోవద్దు. డానియోలు ఒకచోట నిలబడవు. పైనా మధ్యా గుంపుగా అటూ ఇటూ పరిగెడుతూనే ఉంటాయి. ఒకటి విడిగా మూలన నిలబడి రెక్కలు ఒంటికి అంటించుకుని ఊగుతుంటే దానికి జబ్బు. అన్నీ నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే గాలి చాలడం లేదనో, చేపల మలినాల నుంచి పుట్టే విషం అమ్మోనియా ఎక్కిందనో అర్థం. తర్వాత షాపతన్ని చిటికెడు తిండి వేయమనండి. ఈ షాపులో మెచ్చుకోవాల్సింది ఇదే: విసుక్కోకుండా వేస్తాడు. ఆరోగ్యంగా ఉన్న గుంపు రెండు మూడు సెకన్లలో పైకి దూసుకొస్తుంది. రాని చేపను వేలుపెట్టి చూపించి, అది వద్దనండి. కడుపు లోపలికి పోయి తల పెద్దదిగా కనపడేవి, వెన్ను వంకర తిరిగినవి వదిలేయాలి. వంకరకు చాలాసార్లు మైకోబాక్టీరియా అనే క్షయ జాతి సూక్ష్మజీవో, నరాల్లో చేరే ఒక పరాన్నజీవో కారణం. మందు లేదు, మిగతావాటికీ అంటుకుంటుంది. మైకోబాక్టీరియా మనుషుల చేతి గాయాల్లోంచి చర్మానికి కూడా ఎక్కుతుంది కాబట్టి, చెయ్యి తెగి ఉన్నప్పుడు తొట్టిలో పెట్టవద్దు.

రెండు, రెండున్నర సెంటీమీటర్ల పిల్లలనే తీసుకోండి. వీటి ఆయుష్షు మూడేళ్ళ చిల్లర. పెద్దవి తీసుకుంటే అందులో ఎంత అయిపోయిందో తెలియదు. ఆరుకు తగ్గకుండా, వీలైతే పది. తక్కువైతే ఒకదాన్నొకటి తరుముకుంటూనే ఉంటాయి. మగది సన్నగా, చారల మధ్య బంగారు ఛాయతో ఉంటుంది. ఆడది కడుపు తెల్లగా, గుండ్రంగా ఉంటుంది. ఆడవి ఎక్కువ పడేలా ఏరించుకోవాలి. వలతో ఒకేసారి పది గుంజి కవరులో వేయబోతాడు, ఆపి నింపాదిగా ఏరమనండి. అడిగితే ఏరుతాడు, అడక్కపోతే వచ్చినవే.

ప్యాకింగు బాగుంది. రెండు పొరల కవరు, పావు వంతు నీళ్ళు, ముప్పావు ఆక్సిజన్. అడుగు మూలలు రెండూ మడిచి రబ్బరు బ్యాండు వేస్తాడు. ఈ చిన్న పని చాలా షాపులు చేయవు. మూల అలాగే వదిలితే సన్న చేపలు అందులో ఇరుక్కుని ఊపిరాడక చస్తాయి. పొద్దుటూరుకో, పులివెందులకో, రాయచోటికో బస్సులో తీసుకెళ్ళేవాళ్ళు కవరుకు పేపరు చుట్టి థర్మోకోల్ డబ్బాలో పెట్టించుకోవాలి, డబ్బాకు ముప్పై రూపాయలు వేరే. కిటికీ పక్కన ఒళ్ళో పెట్టుకోవద్దు.

ఇంటికొచ్చాక కవరు తెరవకుండా పావుగంట తొట్టిలో తేలనివ్వాలి, వేడి సమానం అవుతుంది. తర్వాత ఏం చేయాలన్నది ప్రయాణాన్ని బట్టి. గంటలోపు ప్రయాణమైతే కవరు విప్పి, అరగంట సేపు తొట్టి నీళ్ళు గ్లాసు గ్లాసుగా కలిపి, చేపలను వలతో తీసి వదలాలి. చాలా గంటల ప్రయాణమైతే ఈ నిదానం పనికిరాదు. మూసిన కవరులో చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి ఉంటుంది, అమ్మోనియా పేరుకున్నా ఆ పీహెచ్‌లో అంతగా కాటు వేయదు. కవరు విప్పగానే ఆ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. అప్పుడు గంట సేపు బొట్టు బొట్టుగా నీళ్ళు కలుపుతూ కూర్చుంటే మనమే చంపినట్టు. వేడి సమానం కాగానే వలతో తీసి వదిలేయాలి. రెండు పద్ధతుల్లోనూ కవరు నీళ్ళు తొట్టిలో పోయకూడదు.

నీళ్ళ విషయంలో షాపు ఇచ్చే సలహా సగం తప్పు. ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాన్లు పోయమంటాడు. శుద్ధమైన నీరు చేపకు మంచిదని మనవాళ్ళూ నమ్ముతారు. ఆ క్యాన్లలో వచ్చేది ఆర్ఓ యంత్రంలో వడకట్టిన నీరు, అందులో లవణాలు దాదాపు ఉండవు. పీహెచ్‌ను పట్టి ఉంచేది ఏమీ లేక కొన్ని వారాల్లో అది జారిపోతుంది, అమ్మోనియాను విరిచే ఫిల్టరులోని బాక్టీరియా పని మందగిస్తుంది. డానియోలకు బోరు నీళ్ళు అలాగే వాడొచ్చు. టీడీఎస్ వెయ్యి దాటితే సగం బోరు, సగం ఆర్ఓ కలపాలి. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోవాలి. బకెట్లో ఒక రోజు నిలబెట్టొచ్చు, లేదా క్లోరిన్‌ను విరిచే హైపో (సోడియం థయోసల్ఫేట్) గుళికలు వంద లీటర్లకు ఒక గ్రాము చాలు. హైపో ఈ షాపులో పది రూపాయల పొట్లం దొరుకుతుంది, రంగు సీసాల్లో అమ్మే యాంటీ క్లోరిన్‌లో చాలావరకు ఉండేదీ అదే.

అలంకరణకు ఇక్కడ నాపరాయి ముక్కలు కేజీల లెక్కన అమ్ముతారు. మన కడప బండ, బేతంచెర్ల బండ రెండూ సున్నపురాళ్ళే. ఒక నిమ్మచెక్క పిండి చూడండి, నురగ వస్తే సున్నం ఉన్నట్టు. నీటిలో నెమ్మదిగా కరిగి గట్టిదనాన్ని పెంచుతుంది, పీహెచ్‌ను 8 దగ్గర నిలబెడుతుంది. డానియోలకు దోషం లేదు, ఆర్ఓ ఎక్కువ కలిపేవాళ్ళకు నిజానికి మేలే. కానీ ఒక మాట గుర్తుండాలి: పీహెచ్ 7 ఉన్న నీళ్ళకంటే 8 ఉన్న నీళ్ళలో అమ్మోనియాలోని విష భాగం దాదాపు పది రెట్లు. కాబట్టి మన ఊళ్ళో కొత్త తొట్టిలో నీళ్ళు పోసిన రోజే చేపలు వేయడం మెత్తటి నీళ్ళ ఊళ్ళలో కంటే ఎక్కువ ప్రమాదం. మామూలుగా ఆ బాక్టీరియా పెరిగి తొట్టి కుదురుకోవడానికి నాలుగైదు వారాలు. ఈ షాపులో ఆడుతున్న స్పాంజి ఫిల్టరు ఒకటి అడిగితే కొత్తదాని రేటుకే మార్చి ఇస్తారు. బాక్టీరియా దాంట్లోనే వస్తుంది కాబట్టి కాలం సగానికి తగ్గుతుంది. ఈ సౌకర్యం కోసమైనా ఇక్కడే కొనొచ్చు. తీసుకెళ్ళేటప్పుడు స్పాంజిని తడిగా, తొట్టి నీళ్ళలోనే ఉంచాలి. కుళాయి కింద కడిగారో, ఉపయోగం పోయింది. ఒకటే షరతు: రోగం ఉన్న తొట్టిలోది కాకుండా చూసి తీసుకోవాలి.

తొట్టి రెండడుగులు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తీసుకుంటే ఇసుక, రాళ్ళు పోను నలభై ఐదు లీటర్ల నీరు పడుతుంది, పది జీబ్రాలకు సరి. గుండ్రటి గాజు గిన్నె అంటగట్టబోతే తలకాయ ఊపి వచ్చేయండి. పరిగెత్తే చేపకు పొడవు కావాలి, ఎత్తు కాదు. మూత తప్పనిసరి. డానియోలు ఎగిరి దూకుతాయి, ముఖ్యంగా మొదటి వారం. ఇక్కడ మూతను విడిగా అమ్ముతారు, చాలామంది డబ్బు మిగిలిందని వదిలేసి, పొద్దున నేల మీద ఎండిన చేపను చూస్తారు. ఫిల్టరు గంటకు 200 నుంచి 300 లీటర్లు తిప్పేది సరిపోతుంది. గెలాక్సీలకైతే స్పాంజి ఒక్కటే, అంత ప్రవాహం అవి తట్టుకోలేవు.

గాలి మోటారు కొంటే నాన్ రిటర్న్ వాల్వ్ అడిగి తీసుకోండి, ఇరవై రూపాయల వస్తువు. అడగనిదే ఇవ్వరు. మోటారును తొట్టి కంటే కింద పెడతాం కదా, కరెంటు పోగానే నీళ్ళు ట్యూబు వెంట వెనక్కి జారి మోటారులోకి పోతాయి. మోటారు కాలడమే కాదు, నేల తడిసి షాకు కొట్టే ప్రమాదం. వాల్వుకు బాణం గుర్తు ఉంటుంది, అది తొట్టి వైపు చూడాలి. తిరగేసి బిగిస్తే గాలే రాదు. కరెంటు కోతలకు బ్యాటరీ మీద నడిచే చిన్న మోటారు ఇక్కడ మూడు వందల యాభై, కొనదగ్గదే.

ఎండాకాలం విడిగా చెప్పాలి. నీరు 25 డిగ్రీలుంటే లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పడుతుంది, 32 దగ్గర 7 చిల్లర. తగ్గింది కొంచెమే అనిపిస్తుంది గానీ, వేడికి చేప వాడకం పెరుగుతుంది, కుళ్ళే తిండీ పెరుగుతుంది. కాబట్టి మేలో తిండి సగం చేయాలి, గాలి రాత్రంతా ఆడాలి. మూత తీసి దోమతెర బిగించి, నీటి పైకి చిన్న టేబుల్ ఫ్యాను తిప్పితే మన పొడి గాలికి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైపోయిన మేరకు పోసేది ఆర్ఓ నీళ్ళు కావాలి, బోరు నీళ్ళే పోస్తూ పోతే లవణాలు పేరుకుంటాయి. ఐసు గడ్డలు వేయడం మాత్రం వద్దు. అమ్మే సీజనులోనూ తేడా ఉంది: ఈ షాపుకు ఏప్రిల్, మే నెలల్లో వచ్చే సరుకు దారిలోనే అలిసిపోయి ఉంటుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా కొనడం మేలు.

తిండి సంగతి చిన్నది. అర మిల్లీమీటరు గుళికలు రోజుకు రెండుసార్లు, నిమిషంలో అయిపోయేంత. విడిగా పొట్లాల్లో కట్టే ఎర్ర పురుగులు మురుగు కాలవల్లో పట్టినవి, రోగాల మూట. ఎండబెట్టిన బిళ్ళలు ఫరవాలేదు. దోమ పిల్లలు దొరికితే డానియోలకు పండగే. పిల్లలు తీయాలనుకునేవాళ్ళకు, ఆ పిల్లల తిండికని అమ్మే ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్య లాంటి జీవి) గుడ్లు మాత్రం ఇక్కడ తీసుకోవద్దు. పెద్ద డబ్బా తెరిచి పొట్లాలు కట్టి ఎండలో పెట్టినవి, లీటరుకు పాతిక గ్రాముల ఉప్పు నీళ్ళలో ఒక రోజంతా గాలి ఆడించినా సగం కూడా పొదగవు. మూసిన డబ్బా కొనాలి.

మందుల దగ్గర షాపు మరీ సోమరి. తెల్ల చుక్కలకూ, రెక్క చిరిగినా, ఊరికే నిలబడ్డా ఒకటే నీలం సీసా. ఆ సీసాలోని మిథిలీన్ బ్లూ గుడ్లకు బూజు పట్టకుండా పనికొస్తుంది గానీ, నడుస్తున్న తొట్టిలో వేస్తే ఫిల్టరు బాక్టీరియా చస్తుంది, వారం తిరిగేసరికి అమ్మోనియా లేస్తుంది. చలికాలం రాత్రుళ్ళలో ఉప్పు రవ్వల్లా తెల్ల చుక్కలు వస్తే హీటరుతో 29, 30 డిగ్రీలకు మెల్లగా తెచ్చి, అయోడిన్ లేని ఉప్పు లీటరుకు రెండు గ్రాముల లెక్కన మూడు విడతలుగా కలిపి పది రోజులు ఉంచితే డానియోలకు చాలాసార్లు తగ్గిపోతుంది. కొత్త చేపలను మూడు వారాలు వేరే టబ్బులో పెట్టుకుంటే ఈ తంటాయే రాదు.

చచ్చిన చేపకు బదులు ఇస్తారా అంటే, ఇరవై నాలుగు గంటల్లోపు, బిల్లు ఉంటే ఇస్తారు. బిల్లు అడిగితేనే రాస్తారు. చచ్చిన చేపతో పాటు మీ తొట్టి నీళ్ళు ఒక సీసాలో పట్టుకుపోండి. కౌంటరు మీద పీహెచ్, అమ్మోనియా కిట్లు ఉన్నాయి, అక్కడికక్కడే చూసి, నీళ్ళు బాగుంటే వాదన లేకుండా కొత్త చేప కట్టిస్తారు. అమ్మోనియా కనపడిందంటే ఇవ్వరు. అది న్యాయమే.